చదువును కొలుచు కుంచము



కళ్లమున ధాన్యము కొలుచునప్పుడు పెద్దలు ముందుగా కుంచమును చేతిలోనికి తీసికొని దాని అడుగు చూతురు. పేరు కుంచమే యైనను, అడుగు లోపలికి నొక్కినది వేరు, అంచు అరిగినది వేరు. రాశిగా పోసి కొలిచిన లెక్క వేరు, తలగొట్టి కొలిచిన లెక్క వేరు. ఈ భేదము తెలియనివాడు గాదె నిండినదని సంతోషించి, సంవత్సరాంతమున విచారించును. నేడు నేను ప్రసంగింపబోవునది ధాన్యపు కొలతను గూర్చి కాదు. గ్రంథాలయములలో చదువును కొలుచు కొలతను గూర్చి. అట్టి కొలత కొకటి లోకసమ్మతమైన నియమావళి కలదు. అది సవరింపబడి, 2025 జనవరి మాసము నుండి క్రొత్తరూపమున అమలులోనికి వచ్చినది. ఆ సవరణ ఎక్కడనో దూరదేశములలోని పండితులకు సంబంధించినదని తలపవద్దు. మన సర్కారు ఖజానాతోను, మన యూళ్లనుండి పట్టణమునకు పోయి చదువుకొను పిల్లలతోను దానికి దగ్గర సంబంధమున్నది.

నేను నివసించు పేట కార్వాను. హైదరాబాదున పురానాపూలు దాటి గోలకొండకు పోవు బాటలో నున్నది. వర్తకుల బిడారులు దిగిన చోటగుటచే దీని కాపేరు కలిగినది. కుతుబ్‌షాహీల కాలమున సాహుకార్లును రత్నవర్తకులును ఇచ్చట కాపురముండిరి. ఆ కాలముననే ఫ్రాన్సు దేశమునుండి తవెర్నియే అను రత్నవర్తకుడు గోలకొండ రాజ్యమునకు వచ్చి, తాను చూచిన గనులను, తూనికలను గూర్చి గ్రంథము వ్రాసెను. వజ్రములను తూచుటకు మనవారు వాడిన మంజాడి అను తూనికను అతడు పేర్కొనినాడు. కొల్లూరు గనియొద్ద మంజాడి ఒకటింముప్పాతిక కారట్లని వ్రాసి, గోలకొండ రాజ్యమున సాధారణముగా చెల్లు మంజాడి మాత్రము ఒకటింబాతికమీద పరక కారట్లేనని వ్రాసినాడు. పేరొక్కటే; బరువు రెండు. గనియొద్ద మంజాడుల లెక్కను కొని, నగరమున మంజాడుల లెక్కను అమ్మువాడు ఈ భేదమునెరిగిన బాగుపడును, ఎరుగనివాడు మునుగును. కారటును సైతము దేశదేశమున వేరువేరుగా తూచుచుండగా, 1907లో అంతర్జాతీయ సభ కూడి, కారటనగా 200 మిల్లీగ్రాములని నిర్ణయించినది.

మా కార్వానులోనే దమ్మిడీ మసీదని ఒక మసీదున్నది. తోలీ మసీదనియు నందురు. 1671లో మూసాఖాను అను అధికారి దానిని కట్టించెను. మక్కా మసీదు నిర్మాణమునకు వెచ్చించిన ప్రతి రూపాయకును ఒక దమ్మిడీ చొప్పున ఆయనకు ముట్టుచుండెననియు, ఆ దమ్మిడీలను కూడబెట్టియే ఈ మసీదును లేపెననియు మా పేటలో చెప్పుకొందురు. అయిదు కమానుల ముఖముతో, సున్నపు పనితనముతో చూడముచ్చటగా నుండును. లెక్కలో ఒక దమ్మిడీ ఎటు పోయిననేమి యనువారికి నేను ఆ మసీదును చూపుచుందును.

ఇక ప్రస్తుతమునకు వత్తును. మూసీ యొడ్డుననే మాకు దిగువగా, అఫ్జల్‌గంజిలో 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయమున్నది. నేడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. అట్టి గ్రంథాలయములలో పుస్తకమును ఎవరు, ఎప్పుడు తీసికొనిరో వ్రాయు చిట్టా గ్రంథాలయమువారి యొద్దనే యుండును. ఒక పుస్తకము ఏడాదిలో నలువదిమార్లు పోయివచ్చినదా, ఒక్కమారైనను కదలలేదా యని తెలియవలెనన్న ఆ చిట్టాను తిరుగవేసిన చాలును.

నేటి విశ్వవిద్యాలయములకు వచ్చు శాస్త్రపత్రికలలో పెక్కు కాగితముపై రావు. పత్రిక ప్రచురణకర్తయొక్క కంప్యూటరులో నుండును. విద్యార్థి తన కళాశాలనుండి ఇంటర్నెట్టు మార్గమున అచ్చటికి పోయి, తనకు కావలసిన వ్యాసమును తెరపై తెరచి చదువుకొనును. కావలసిన దానిని తన యంత్రములోనికి దింపుకొనును. గ్రంథాలయము ఏడాది కింతయని చందా కట్టును. చందా చెల్లిన గడువువరకే తలుపు తెరచియుండును. ఇందు విచిత్రమేమనగా, ఎవరు వచ్చిరి, ఏమి చదివిరి అను చిట్టా ఇప్పుడు గ్రంథాలయమువారి యొద్ద లేదు, అమ్మువాని యింటనున్నది. పాలవాడే పాలు కొలిచి, తానే గోడమీద గీతలు గీసి, నెల తిరుగునప్పటికి మనకు లెక్క చెప్పినట్లున్నది. పాలవాడు మంచివాడే కావచ్చును. అయినను చెంబు ఎవరిది, ఎంతటిది అని అడుగుట గృహస్థుని విధి.

మొదటి దినములలో ఒక్కొక్క ప్రచురణకర్తది ఒక్కొక్క చెంబుగా నుండెను. తన యంత్రమును తాకిన ప్రతి తాకుడును ఒకటిగా వ్రాసినవారు కొందరు. ఒక పుటలో పది బొమ్మలున్న యెడల, పుట కొకటి, బొమ్మలకు పది, వెరసి పదునొకటి! చదివినవాడు ఒక్కడే, చదివినది ఒక్క పుటయే. మరికొందరు వ్యాసమును పూర్తిగా తెరచిననే ఒకటని వ్రాసిరి. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఏ పత్రికను ఉంచవలె, దేనిని మానవలె నని గ్రంథాలయాధికారి ఎట్లు తేల్చును?

ఈ చిక్కును తీర్చుటకై 2002 మార్చిలో గ్రంథాలయములవారును, ప్రచురణకర్తలును, మధ్యవర్తులును కలిసి ఇంగ్లండులో ఒక సంస్థను ఏర్పరచిరి. దానిపేరు కౌంటర్. అమ్మువారును కొనువారును ఒకే చాపమీద కూర్చుండి కొలపాత్రను నిర్ణయించుకొనుట ఇందలి విశేషము. మొదటి నియమావళి 2003లో వచ్చినది. పిమ్మట 2005లోను, 2008లోను, 2012లోను సవరణలు ప్రకటింపబడెను. అయిదవది 2017లో ప్రకటింపబడి 2019 జనవరినుండి అమలైనది. దానికి దిద్దుబాటైన అయిదింటొకటవది 2023లో ప్రకటింపబడి, 2025 జనవరినుండి అమలునకు వచ్చినది. కౌంటర్ నియమమును పాటించుచున్నామని చెప్పుకొను ప్రచురణకర్త యేటేట స్వతంత్రుడైన తనిఖీదారునిచే తన లెక్కలను పరీక్షింపించుకొనవలెను. తూనికరాళ్లకు సర్కారు ముద్ర వేయించుకొనుట వంటిదే ఇది.

ఇన్నిమార్లు మార్పు లెందుకు? ఒకమారు నిర్ణయించినది ప్రమాణమై నిలువవలదా? అని మీరడుగవచ్చును. చదువు పద్ధతి మారినప్పుడెల్ల పాత కొలతలో ఒక చిల్లి బయటపడుచుండుటయే కారణము. రెండుమూడు చిల్లులను చూపెదను.

వ్యాసమును తెరచుటకు మీటను నొక్కిన పాఠకుడు, అది వెంటనే తెరచుకొననిచో తొందరపడి మరల నొక్కును. ఇట్లు నొక్కుటను రెండు చదువులుగా వ్రాయుట అన్యాయము గనుక, కొద్ది సెకనులలో వచ్చిన రెండు నొక్కులు ఒకటే యని మొదటినుండియు నియమమున్నది. ఆ గడువు పాత నియమావళిలో తెరమీద చదువు రూపమునకు 10 సెకనులు, దింపుకొను పీడీఎఫ్ రూపమునకు 30 సెకనులు. అయిదవ నియమావళి అన్నిటికిని 30 సెకనులే యని ఏకము చేసినది. ఇది చిన్నమాట.

పెద్దమాట ఇంకొకటున్నది. ఒకే వ్యాసము రెండు రూపములలో నుండునని చెప్పితిని కదా. కొందరు ప్రచురణకర్తల తలుపు ఎట్లుండెననగా, పాఠకుడు దింపుకొనదలచినను, ముందు తెరమీది రూపమునకే పోవలెను. అచ్చటనుండి రెండవ రూపమునకు పోవలెను. అట్టిచోట ఒక్క వ్యాసమునకు రెండు పడును. నేరుగా ఇచ్చు సజ్జనునికి ఒకటే పడును. కొలిచిన గింజలనే మరియొక కుంచముతో మరల కొలిచి, రెండు కుంచములని వ్రాసినట్లాయెను. ఇందులో నియమోల్లంఘనము లేదు. అది నియమముయొక్క లోపము. అయిదవ నియమావళి ఇందులకు క్రొత్త పద్దును కల్పించినది. ఒకసారి వచ్చి కూర్చున్న పాఠకుడు ఒక వ్యాసమును ఎన్ని రూపములలో ఎన్నిసార్లు తెరచినను ఆ పద్దులో ఒకటే. మొత్తము లెక్కను కూడ ప్రక్కనే వ్రాయుదురు; రెండును చూచుకొనవచ్చును.

పుస్తకముల సంగతి మరియు చిత్రము. ఒక ప్రచురణకర్త పుస్తకమంతయు ఒక్క మూటగా ఇచ్చును. మరియొకడు అధ్యాయముగా విడదీసి ఇచ్చును. ఇరువది అధ్యాయముల గ్రంథము మొదటివాని యొద్ద ఒకటి, రెండవవాని యొద్ద ఇరువది! పర్వములుగా విడదీసి లెక్కించినవాని యొద్ద భారతము పదునెనిమిది, బొత్తుగా కట్టినవాని యొద్ద ఒకటి యగునట్లు. అందుచే గ్రంథమునకు ఒకటే యను పద్దు వేరుగా పెట్టిరి. అయిదింటొకటవ సవరణ ఇంకను ముందుకు పోయి, లెక్కకు మూలము వ్యాసము, అధ్యాయము మొదలగు అంశమే యని స్థిరపరచినది.

మనుష్యులు కాక యంత్రములు కూడ చదువుచున్నవని వినిన మీరు నవ్వుదురేమో! ఇంటర్నెట్టును రేయింబవళ్లు గాలించు యంత్రములున్నవి. అవి వచ్చి తెరచిన పుటలను చదువుగా లెక్కింపరాదని నియమము. పరిశోధన నిమిత్తము వేలకొలది వ్యాసములను యంత్రమునకు ఒప్పించి గాలింపించు పండితుల పని వేరు పద్దు. ఇప్పుడు మనుష్యుని ప్రశ్నకు తానే చదివి జవాబు చెప్పు యంత్రములు వచ్చినవి. ఆ చదువు ఎవరిది? అడిగినవానిదా, యంత్రముదా? ఇకమీది సవరణలలో ఈ వ్యాజ్యమే పెద్దదగునని నా యభిప్రాయము.

అయిదింటొకటవ సవరణలో నాకు మిక్కిలి నచ్చినది ఉచితపఠనమును వేరుచేయుట. శాస్త్రవ్యాసములలో నేడు చాలభాగము చందా లేకయే ఎవరైనను చదువుకొనునట్లు ప్రకటింపబడుచున్నవి. వాని వ్యయమును తరచుగా రచయితగాని, ఆతని సంస్థగాని, పరిశోధనకు సొమ్మిచ్చినవారుగాని ముందే చెల్లింతురు. అవి సత్రములో వడ్డించిన అన్నము వంటివి. చందా పుచ్చుకొను పత్రికలోనే అట్టి వ్యాసములును కలిసియుండును. ఇప్పుడు ప్రచురణకర్త వచ్చి, మీ విద్యార్థులు మా పత్రికను లక్షసార్లు చదివిరి, కావున చందా పెంచవలెనని కోరినాడనుకొనుడు. ఆ లక్షలో నలువదివేలు ఉచితవ్యాసములే యైనచో? ఆ నలువదివేలకు మనము వెల కట్టనక్కరలేదు. క్రొత్త నియమము ప్రకారము చందాతో చదివినవి ఒక వరుస. శాశ్వతముగా అందరికిని తెరచియుంచినవి ఒక వరుస. కొంతకాలము ఉచితముగా విడిచినవి మరియొక వరుస. బేరమునకు కూర్చున్నప్పుడు మొదటి వరుసయే ప్రధానముగా చూడవలసినది.

ఈ బేరము మనకెంత పెద్దదో చెప్పెదను. 2024 నవంబరు 25వ తేదీన కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకమును ఆమోదించెను. 2025, 2026, 2027 అను మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 పత్రికలు. కేంద్ర ప్రభుత్వముయొక్కయు రాష్ట్ర ప్రభుత్వములయొక్కయు యాజమాన్యమునందున్న ఉన్నతవిద్యాసంస్థలు, కేంద్ర పరిశోధనాలయములు కలిసి 6,300కు పైగా. వీనిలో చదువుకొను, బోధించు, పరిశోధించు వారు దాదాపు 1 కోటి 80 లక్షల మందియని ఆనాడు చెప్పిరి. గుజరాతులో గాంధీనగరమందున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము ఈ పనిని నడుపుచున్నది. ఈ పత్రికల వాడుకను అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఎప్పటికప్పుడు సమీక్షించునని ఆ నిర్ణయముననే యున్నది.

పూర్వము ఉస్మానియావంటి పెద్ద విశ్వవిద్యాలయములకు దొరకిన పత్రికలు జిల్లాలోని సర్కారు కళాశాలకు దొరకకుండెడివి. ఇప్పుడు పాలమూరునందో ఆదిలాబాదునందో ప్రభుత్వ కళాశాలలో చదువు పిల్లకును అవే పత్రికలు తెరచుకొనవలెనని ఉద్దేశము. ఆ పిల్ల తెరచినదా, లేదా? తెరచినది వ్యాసమా, మొదటి పుటలోని సంగ్రహమా? ఈ రెండింటికిని నియమావళిలో వేరువేరు పద్దులున్నవి. 6,000 కోట్లమీద నూటికి పది హెచ్చుగా లెక్కపడినచో ఎంతటి సొమ్మో మీరే గుణించుకొనుడు. దమ్మిడీలతోనే మసీదు లేచినది కదా.

పాత లెక్కనుండి క్రొత్త లెక్కకు మారునప్పుడు ఒక ప్రమాదమున్నది. మా హైదరాబాదు పెద్దలకు దానిని చెప్పుట సులభము. నిజాము రాజ్యమున హాలీ సిక్కా చెలామణి యుండెను. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. రెండును రూపాయలే. 1959 వరకు హాలీకి చెల్లుబాటుండెను. ఒకడు తన తండ్రి హాలీలో వ్రాసిన పద్దును, తాను కల్దారులో వ్రాసిన పద్దును ప్రక్కప్రక్కన పెట్టి, మా యింటి రాబడి ఏడింట ఒకపాలు పడిపోయినదని దుఃఖించినచో ఏమందుము? నాల్గవ నియమావళి లెక్కలనుండి అయిదవదానికి వచ్చినప్పుడు రెండుమార్లు పడినవి ఒకటగుటచే కొన్ని పత్రికల సంఖ్యలు దిగినట్లు కనబడును. దానిని చూచి చదువు తగ్గినదని తీర్మానించి పత్రికను మాన్పించుట తొందరపాటు. ఏ సంవత్సరపు లెక్క ఏ నియమమున వ్రాయబడినదో పట్టిక తలమీద వ్రాసియుండును. ముందుగా దానిని చూడవలెను.

ఇక లెక్కకందని చదువును గూర్చి ఒక్కమాట. మా పాఠశాల గ్రంథాలయము కొన్నేండ్లు నా యధీనమున నుండెను. ఒక పిల్లవాడు వారమువారమును ఒక పుస్తకము తీసికొనిపోవుచుండెను. చిట్టాలో వాని పేర వారమున కొకటే. విచారింపగా, వాని యింట చదువురాని ముసలివారును, వీధిలోని ఆడువారును చేరి రాత్రులు వానిచే చదివించుకొని వినుచుండిరి. చిట్టా ఆ వినికిడిని ఎరుగదు. మీ గ్రామములలోని గ్రంథాలయములలో ఒక్క దినపత్రికను ఒకరు బిగ్గరగా చదువగా పదిమంది వినుట మీకందరికిని తెలిసినదే. అటులనే ఒక అధ్యాపకుడు ఒక్కమారు తెరచిన వ్యాసమును తరగతిలో నూరుగురికి చెప్పవచ్చును.

చందాను చదువుల సంఖ్యచే భాగించి, ఒక్కొక్క చదువునకు ఇంత పడినదని చెప్పుట గ్రంథాలయాధికారులలో పరిపాటి. వైద్యపత్రికకు ఇది పదిరూపాయలు పడునేమో; శాసనములను గూర్చిన పత్రికకు అయిదువందలు పడునేమో. శాసనములు చదువువారు దేశములో ఎందరున్నారు? ఆ కొందరికిని ఆ పత్రిక లేనిచో మరి గతి లేదు. ఇట్టి విద్యలు నేర్చిన నావంటివానికి ఇందు పక్షపాతమున్నదని మీరనినచో ఒప్పుకొందును. అయినను కొలత సరిగా నుండవలెనని వాదించువాడనే, కొలతమీదనే తీర్పు చెప్పవలదని కూడ వాదింతును.

మీలో పలువురు కళాశాలల పాలకవర్గములందును, గ్రంథాలయ సంఘములందును సభ్యులై యున్నారు. సభలో ఈ పత్రికల ప్రస్తావన వచ్చినప్పుడు, మా కళాశాల లెక్క అయిదింటొకటవ నియమమున వ్రాసినదేనా యని అడుగుడు. చందాతో చదివిన వరుసను వేరుగా చూపుమనుడు. వీనితోపాటు మరియొక పట్టికను తెప్పింపుమని చెప్పుడు. దానిని సాధారణముగా ఎవరును అడుగరు. పూర్వపు గ్రంథాలయములలో, పుస్తకము కావలెనని వచ్చి, లేదనగా మరలిపోయిన పాఠకుని పేరు ఏ చిట్టాలోను ఎక్కకుండెడిది. పుచ్చుకొనిపోయినవారి లెక్కయే గాని, వట్టిచేతులతో పోయినవారి లెక్క మనకు లేదు. కౌంటర్ నియమావళిలో ఆ లెక్క యున్నది. చందా లేనందున తలుపు తెరచుకొనక వెనుకకు మరలినవి, ఒకేసారి ఇందరికే యను పరిమితి దాటుటచే మరలినవి, రెండును విడివిడిగా, పత్రికల పేళ్లతో, నెలనెలకును అందులో వ్రాయుదురు. మీ కళాశాల పిల్లలు ఏ పత్రిక గుమ్మమువరకు పోయి, ఎన్నిమార్లు తిరిగివచ్చిరో ఆ పట్టికలో కనబడును. వచ్చే యేటి చందాలను నిర్ణయించుటకు సభ కూడునప్పుడు మొదట దానిని చదివింపుడు.